మిణుకు దీపం ముందు సిరిసిల్ల మనిషి

జగిత్యాలలో ఒక చిన్న నరాల దవాఖానలో మెదడు పరీక్షలు చేసే పనికి అప్పుడే కుదిరాను. తలకు తీగలు అతికించి, కళ్ల ముందు దీపాన్ని మిణుకుమిణుకుమనిపిస్తే, మెదడు ఎలా స్పందిస్తుందో యంత్రం కలాలు కాగితం మీద గీసేవి.

అన్నలు, అంటే నక్సలైట్లు, బంద్ అంటే బస్సులు కదలని రోజులవి. ఒక బంద్ ముగిసిన మర్నాడు సిరిసిల్ల నుంచి సాంచా నడిపే మనిషి భార్యతో వచ్చాడు. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. పని చేస్తూ మూడుసార్లు పడిపోయాడట. సాంచాల సేటు పని మానిపించాడు.

"తాగి పడ్తుండంటున్రక్కా. మా ఆయన కల్లు గూడ ముట్టడు," అంది భార్య.

తీగలు చూడగానే అతను లేచి నిలబడ్డాడు. "కరెంటు పెడ్తరా?"

అన్నలకు అన్నం పెట్టాడని అతని తమ్ముణ్ని నెల కిందట పోలీసులు తీసుకుపోయారట. తిరిగొచ్చాక, ఠాణాలో కరెంటు పెట్టారని తమ్ముడు చెప్పిన మాటలు ఇతన్ని వదల్లేదు.

జడ విప్పి ఆ తీగలు నా తలకే అతికించుకున్నాను. దీపం వేశాను. కలాలు తాపీగా కదిలాయి.

"చూడన్నా, ఇది కరెంటు ఇయ్యదు. తలకాయల నడిచేది రాసుకుంటది, గంతే."

భార్య నవ్వింది. అతను పడుకున్నాడు.

మిణుకు వేగం కొద్దికొద్దిగా పెంచాను. ఒకచోట కలాలు ఎగిరెగిరి పడ్డాయి. చటుక్కున దీపం ఆర్పేశాను.

"సాంచా కాడ ఎండ ఎట్ల పడ్తదన్నా?"

"పొద్దుగూకేటప్పుడు కిటికీల ఉన్న ఫ్యాను రెక్కల సందుల్నించి కండ్లల్ల కొడ్తది. గప్పుడే..." అని ఆగిపోయాడు. భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మిణుకు వెలుతురుకు వచ్చే మూర్ఛ అని చెప్పి డాక్టరు గోళీలు రాశారు. సాంచా జోలికి పోవద్దన్నారు. ఏడాది పైగా కోరుట్లలో బావమరిది బట్టల దుకాణంలో పనిచేశాడు. మళ్లీ పడలేదు. డాక్టరు సరేనన్నాక సిరిసిల్లకు వెళ్లి సేటుకు డాక్టరు రాసిచ్చిన కాగితం చూపించాడు. సేటు పడమటి కిటికీకి గోనెపట్టా కట్టించి పనిలో పెట్టుకున్నాడట.

కొన్నాళ్లకు కోరుట్ల నుంచి బీడీలు చుట్టే ఒకామె, ఉన్నట్టుండి పడిపోయే బిడ్డను తీసుకొచ్చింది. గాలి సోకిందని రెండేళ్లుగా దర్గాలూ గుళ్లూ తిప్పిందట.

"బట్టల దుకాణంల పనిజేసిన సిరిసిల్లాయన పంపిండమ్మా," అంది.

ఆ పిల్లను కూర్చోబెట్టి, తీగలు అతికించేందుకు తల దువ్వడం మొదలుపెట్టాను.