ఎర్రయ్య టోపీలూ, మా నాన్న కోటూ

ఎర్రయ్య దగ్గర పదిహేడు పాత టోపీలు, నాలుగు తోలుకోట్లు ఉన్నాయి. నా దగ్గర ఒక మంకీ క్యాప్ ఉంది. నా కడుపుమంట అక్కడే మొదలైంది, దాచుకోవడం దేనికి!

మేమిద్దరం ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఒకే గ్యాంగులో ముప్ఫైనాలుగేళ్ళు ఫిట్టర్లుగా పనిచేశాం. రిటైరయ్యాక కూడా ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్ల పక్కన గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళలోనే చేరాం. ఆదివారం పూట ఊరంతా గోల్‌బజార్‌కి చేపల కోసం వెళితే, వాడు పాతబట్టల వాళ్ళ దగ్గర కూర్చునేవాడు. ఊరు వదిలి వెళ్ళిపోయిన ఆంగ్లో ఇండియన్ల ఫెల్టు టోపీలు, బెండు టోపీలు, డ్రైవర్లు వేసుకున్న తోలుకోట్లు ఏరుకొచ్చేవాడు. నలిగిన టోపీకి ఆవిరి పట్టి, వంకర తీసి, మర్నాడే పెట్టుకుని టీకొట్టుకి వచ్చేవాడు. మే నెలలో తోలుకోటు! "ఈ మనిసికి జొరమొచ్చినా తెలీదు, ఎప్పుడూ సెమటే," అనేది వాళ్ళావిడ దాలమ్మ.

ప్రేమ్ బజార్ దగ్గర చదువుకునే పిల్లలు సైకిళ్ళు ఆపి, "టుపీ దాదా, ఏక్ ఫొటో!" అని వాడి వెంటపడేవారు. అదే దారిలో నేనూ రోజూ నడుస్తాను. ఒక్కడంటే ఒక్కడు ఆపిన పాపాన పోలేదు. పోనీ వాడేమైనా అందగాడా? పొట్టి, పైగా ముందుపన్ను లేదు. నేను ఐదడుగుల పదంగుళాలు. టోపీ అంటూ పెడితే నాకు పెట్టాలి. ఈ మాట మా ఆవిడ జోగమ్మతో అంటే, "మరి కొనుక్కుని ఎట్టుకో, ఎవులొద్దన్నారు?" అని లోపలికి పోయింది.

ఇదంతా ఒక ఎత్తు. అసలు మంట డోరతీ మేడమ్ కోటుతో వచ్చింది.

మా నాన్న ఆవిరి ఇంజన్ల మీద ఫైర్‌మన్. బొగ్గు వేసే పని. నాకు పదకొండేళ్ళప్పుడు పోయాడు. ఇంట్లో ఆయన ఫొటో లేదు, చొక్కా లేదు, చేతికర్ర లేదు. ఆయన ఏ డ్రైవరు కింద పనిచేశాడో ఆ డ్రైవరు కూతురే డోరతీ మేడమ్. పోయినేడు ఆవిడ ఇల్లు ఖాళీ చేసి కలకత్తాలో మేనకోడలి దగ్గరికి వెళ్ళిపోతూ, వాళ్ళ నాన్న తోలుకోటుని ఎర్రయ్యకి ఇచ్చేసింది. ఎర్రయ్యకి! మా నాన్న చెమటోడ్చిన ఇంజన్ మీద తిరిగిన కోటు అది. న్యాయంగా ఎవరికి రావాలి?

వాడు దాన్ని తిన్నగా మా ఇంటికే తెచ్చాడు. "ఒరే జగ్గా, మీ నాన్న డ్రైవరు కోటురా. తొడుక్కుని సూడు. మేడమ్ ఓ కత సెప్పింది, ఇను..."

"ముసలి కంపు కొడుతోంది, అవతల పెట్టు. నాకు పనుంది," అన్నాను. పని లేదు, పాడూ లేదు. వాడి చేత్తో ఇస్తే తీసుకోవడానికి నాకు మనసొప్పలేదు. పన్నెండేళ్ళపాటు ప్రతి ఆదివారం సాయంత్రం ఆవిడ దగ్గర కూర్చుని, ఏ టోపీ ఎవరిదో అడిగి తెలుసుకున్నాడట. నేను ఆ గుమ్మం ఎన్నడూ తొక్కలేదు. ఆ సంగతి గుర్తొస్తే నా మీద నాకే ఒళ్ళు మండేది, ఆ మంట మళ్ళీ వాడి మీదికే పోయేది.

ఈ ఆగస్టులో వాడు తమ్ముడి కూతురి పెళ్ళికి పలాస వెళుతూ తాళం నాకిచ్చాడు. "వానలకి మేడమ్ కోటు బూజెడతాది. పొడిగుడ్డతో తుడిసి, నీడలో ఆరెయ్యి. ఇశ్వకర్మ పూజకి అదే తొడుక్కుంటాను," అన్నాడు.

ఎవరూ లేని ఇంట్లో ఆ కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాను. కుట్టించినట్టు సరిపోయింది. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. తర్వాత విప్పి చూస్తే వీపు మీద బూజు, లోపలి గుడ్డకి మెడ దగ్గర నల్లటి జిడ్డు, ఏదో వాసన. వర్క్‌షాపులో జిడ్డు కనబడితే మా చేతులకి ఒకటే తెలుసు: నూలుపీచు కిరసనాయిల్లో ముంచి రుద్దడం. రుద్దాను. వీపు మీద రంగు లేస్తున్నా ఆపలేదు. లోపల మెడ దగ్గర మరీ గట్టిగా రుద్దాను. అలవాటు కొద్దీ రుద్దానో, అక్కసు కొద్దీ రుద్దానో ఇప్పటికీ చెప్పలేను.

ఎర్రయ్య వచ్చి చూశాడు. వీపు మీద అరచెయ్యంత తెల్లమచ్చ. వాడు మచ్చ కేసి చూడలేదు. కోటు లోపల ముక్కు పెట్టి చాలాసేపు వాసన చూశాడు.  తిడితే బాగుండేది, తిరిగి తిట్టేవాణ్ణి.

విశ్వకర్మ పూజ రోజున వర్క్‌షాపు గేట్లు తెరుస్తారు. పెళ్ళాం పిల్లలతో అందరూ లోపలికి వచ్చి మిషన్లు చూసి, ప్రసాదం తిని వెళతారు. వాడు మచ్చపడ్డ కోటే తొడుక్కుని, ఫెల్టు టోపీ పెట్టుకుని వచ్చాడు. జనం మూగారు. మా పాత గ్యాంగులో కొత్తగా చేరిన మౌనిక, "తాతా, ఈపు మీద ఈ మచ్చేటి?" అంది.

నేను వెనక్కి జరగబోయాను. ఎర్రయ్య నా భుజం మీద చెయ్యేశాడు. "ఇదా? ఈడు మా జగ్గారావు. ఫిట్టరు బుద్ధి పోద్దా? ఇనపదనుకుని కిరసనాయిలెట్టి తోమేసినాడు!" అందరూ నవ్వారు. "ఈళ్ళ నాన్నే ఆ ఇంజన్ మీద ఫైర్‌మను. ఒరే, నువ్వే సెప్పు మీ నాన్న గురించి."

అందరూ నా వైపు తిరిగారు. ఎన్నేళ్ళుగా కోరుకున్నానో ఆ చూపుల కోసం! నోరు తెరిచాను. చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు.

వాడే అందుకున్నాడు. చలికాలం డ్యూటీలో పైఊళ్ళో పడుకోవలసి వస్తే, మా నాన్నకి దుప్పటి ఉండేది కాదట. డ్రైవరు తన కోటు విప్పి కప్పేవాడట. మా నాన్న దాన్ని తలమీదుగా లాక్కుని పడుకునేవాడట. జనం ఆ కథ విని చప్పట్లు కొట్టారు. మా నాన్న కథ, వాడికి చప్పట్లు! ఆ క్షణాన కూడా నాకు కడుపు మండింది.

జనం పల్చబడ్డాక అడిగాను. "మెడ దగ్గర ఆ జిడ్డు ఏటిరా?"

ఎర్రయ్య టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "మీ నాన్న తలకి ఆముదం రాసుకునీవోడంట కదా. ఆ ఆముదమూ, బొగ్గూ. అంతకాలమూ మేడమ్ దాన్ని కడగనియ్యలేదురా. అదే నీకు సూపిద్దారని ఆ రోజు తెచ్చినాను."

కోటు విప్పి నా చేతికిచ్చాడు. మెడ దగ్గర ముక్కు ఆనించి గట్టిగా పీల్చాను. ఇంకోసారి పీల్చాను. కిరసనాయిలు వాసన తప్ప ఏమీ లేదు.