మొప్ప ఎత్తి చూడని మెయిల్

కళింగపట్నం ఒడ్డున చేపలు కొనే ధనరాజ్, మొప్ప ఎత్తి చూడనిదే ఏ చేపనీ బాగుందనడు, పాడైందనడు. భార్య హేమ పోయిన ఏడాదికి అతనికి ఫొటోలు దాచే వెబ్‌సైటు నుంచి మెయిల్ వచ్చింది. నెలాఖరులోగా ఖాతాలోకి వెళ్లి చూస్తే ఆల్బమ్ ఉచితమట, లేకపోతే పాత ఫొటోలు తీసేస్తారట.

"నానెప్పుడు ఈళ్లకి మెయిలిచ్చినాను? దొంగనాకొడుకులు!" అని విసురుగా చెరిపేశాడు.

రెండు నెలల తర్వాత మరదలు యమున మాటల మధ్య చెప్పింది. "అక్క ఫోను పాడవకముందే ఫొటోలన్నీ ఫొటోలు దాసే సైట్లో ఎట్టినాది బావా. నీ మెయిలే ఇచ్చినాది."

ధనరాజ్ తను చెరిపేసిన మెయిల్ సంగతి చెప్పాడు. ఇద్దరూ సైటు తెరిచారు. హేమ పేరుంది. ఫొటోలు లేవు.

"సైట్లోకెళ్లి ఒక్కపాలి సూడాల్సింది కదా బావా?"

కుళ్లిన చేపనైనా ధనరాజ్ అలా చూడకుండా పారేసి ఎరగడు.