గొలుసు విప్పింది నేనే

మా ఊళ్లో కుక్కను కట్టే అలవాటు లేదు. డుంబ్రిగుడ సంతకు వెళ్లినా, కాఫీ తోటకు వెళ్లినా కుక్కలు మా వెనకే వస్తాయి. ఆదివారం ఆరాధనకూ వచ్చి గుమ్మం బయట చెప్పుల పక్కన పడుకుంటాయి. ఏది ఎవరిదని అడిగేవారు లేరు. ఎవరింట్లో అంబలి మిగిలితే వాళ్లు పోస్తారు. కుక్కకు గొలుసేసిన ఇల్లు మాకు పాపిష్టి ఇల్లు.

అలాంటి ఊరికి రాట్‌వీలర్‌ను తెచ్చింది నేను. రోడ్డు పక్కన పర్యాటకులకు గదులు కట్టిన ఒకాయన దగ్గర తోటపని చేసేవాణ్ణి. గిరాకీ లేక ఆయన తాళాలు వేసుకుని పట్నం వెళ్లిపోతూ కుక్కను నాకు అప్పగించాడు. నల్లని ఒళ్లు, కుండంత తల. గొలుసుతో పాటు తోలు చిక్కం కూడా ఇచ్చాడు. మేము ఎద్దు మూతికి కట్టేలాంటిదే, కుక్క మూతికి సరిపోయేలా కుట్టించాడు.

"ఇది మీ ఊరకుక్క కాదయ్యా. గొలుసు తియ్యకు. బయటికి తీసుకెళ్తే చిక్కం మర్చిపోకు" అని రెండుసార్లు చెప్పాడు.

తర్వాత పంచాయతీ సెక్రటరీ వచ్చాడు. ఇలాంటి జాతి కుక్క ఉంటే పేరు రాయించాలన్నాడు. టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, చుట్టూ కంచె, అన్నీ చెప్పాడు.

"మా మనుషులకే పుట్టిన కాయితాల్లేవు సారూ, కుక్కకేటి కాయితం?" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వి, "రేపది ఎవర్నైనా కరిస్తే మాత్రం బాధ్యత నీదే" అని బండెక్కాడు.

మా చర్చి సంఘంలో పాట ఎత్తే అక్క మా పక్కింట్లోనే ఉంటుంది. రక్తసంబంధం లేదు, అయినా నాకు అక్కే. భర్త పోయాక మేకలూ, కాఫీ మొక్కలే ఆమెకు ఆధారం. పొద్దున్నే గోడవతల నుంచి వేళాకోళం చేసేది.

"సింహాల గుహలో పెవక్త గారు లెగిసినారా?"

"లెగిసినాను అక్కా. సింహమింకా తినలేదు."

"అదలాగ ఏడస్తంటే నీకు ముద్దెలాగ దిగతంది తమ్ముడూ?"

నిజమే, రోజంతా మూలిగేది. చెరలో ఉన్నవాళ్లకు విడుదల అని ఆదివారం బడి పిల్లలకు బోధించి ఇంటికొచ్చి ఆ గొలుసు చూస్తే నాకు సిగ్గేసేది. దాని కోసం ప్రార్థన చేయమని పాస్టరు గారిని అడిగాను. ఒక ఆదివారం పెద్దలంతా వచ్చి దాని తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. అది కళ్లు మూసుకుని నిలబడింది. ఆమెన్ అన్నాక గొలుసు విప్పాను. నెలరోజులు ఎవరి జోలికీ పోలేదు. ప్రార్థన దాన్ని గొర్రెపిల్లను చేసిందని ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్పాను. పక్క ఊళ్ల సంఘాల్లోనూ పిలిచి చెప్పించుకున్నారు.

ఒక మధ్యాహ్నం అది అక్క మేకపిల్లను గొంతు పట్టుకుని పెరట్లోకి తెచ్చింది. అప్పటికే చచ్చిపోయింది. నేనొక్కణ్ణే చూశాను. కాఫీ మొక్కల మధ్య గొయ్యి తీసి పూడ్చేశాను. సాయంత్రం అక్క వెతుక్కుంటూ వస్తే ఆమెతో పాటు గెడ్డ దాకా వెళ్లి నీటి ఒడ్డున రాళ్ల చాటునా పొదల్లోనూ వెతికాను.

"నక్క పట్టుకుపోయుంటాది అక్కా" అన్నాను.

"దానికీ పిల్లలుంతాయి కదా తమ్ముడూ" అంది.

ఆ రోజే గొలుసు వేయాల్సింది. వేస్తే ఎందుకేశావని అడుగుతారు. చెప్తే నా సాక్ష్యం అబద్ధమవుతుంది. దేవుని నామానికి అవమానం వస్తుందని నాకు నేను చెప్పుకున్నాను. భయపడింది నా పేరు కోసమే.

తర్వాతి వారం అక్క కాఫీ పళ్ల బుట్ట దించడానికి మా వాకిట్లో వంగింది. కుక్క ఆమె కుడిచెయ్యి పట్టుకుంది. కావడి బద్ద విరిగేదాకా కొట్టాను, వదల్లేదు. చివరికి దాని మెడకు తాడేసి మెలిపెడితే ఊపిరాడక వదిలింది. ఆటోలో అరకు, అక్కడి నుంచి విశాఖ తీసుకెళ్లాం. రెండు వేళ్లు తీసేశారు.

కట్టుతో తిరిగొచ్చిన ఆదివారం అక్క సాక్ష్యానికి నిలబడింది. "నాకు ఎవురి మీదా కోపం లేదు. సాతాను సేసిన పని. తమ్ముడు మట్టుకు ఏటి సేత్తాడు?" అంది. అందరూ స్తోత్రం అన్నారు. నన్ను జాలిగా చూశారు.

పొడిచే ఎద్దు గురించి బైబిలు వాక్యంలో ఒక ఆజ్ఞ ఉంది. అది పొడుస్తుందని యజమానికి ముందు తెలియకపోతే ఒక తీర్పు, తెలిసీ కట్టకపోతే ఇంకో తీర్పు. పిల్లలకు ఎన్నిసార్లు బోధించానో. పశువుల సంగతని చెప్పి దాటేసేవాణ్ణి. ఆ రోజు లేచాను.

"మేకపిల్లను నక్క పట్టలేదు. నా కుక్క సంపింది. నాకు తెలుసు. తెలిసే విప్పి ఉంచినాను" అన్నాను.

అక్క నా వైపు తిరిగింది. "మరి నాతో గెడ్డ దాకా వచ్చి ఎతికినావే?"

"అవునక్కా."

ఆమె కూర్చుంది. పాస్టరు గారు ముగింపు పాట ఎత్తమంటే తల అడ్డంగా ఊపింది. ఎవరూ ఎత్తలేదు. పాట లేకుండానే ఆరాధన ముగిసింది.

మర్నాడు సెక్రటరీ దగ్గరికి వెళ్లి కుక్క పేరు రాయించాను. ఆపరేషన్ చేయించాను. పెరటి చుట్టూ మనిషి ఎత్తున ఇనుప వల బిగించాను. ఎవరికైనా ఇచ్చెయ్యమన్నారు కొందరు. ఇస్తే ఆ ఇంట్లో కూడా ఎవరో ఒకరు జాలిపడి విప్పుతారు. దాని తప్పేమీ లేదు. దాని పక్కన కూర్చుని ఇప్పటికీ ఏడుస్తుంటాను.

కాఫీ పళ్ల కాలం మళ్లీ వచ్చింది. అక్క తోటలో వరసలు నేను కోస్తున్నాను. వద్దనలేదు, మాట్లాడనూ లేదు. నిన్న సాయంత్రం బుట్టెత్తి ఆమె అరుగు మీద పెట్టాను. ఆమె లోపలి నుంచే అంది, "ఈయేడుకి కొయ్యి. పైయేడు నానే కోసుకుంటాను. ఎడం సేత్తో నేర్సుకుంతన్నాను."

గుమ్మం పక్కన చిన్న బుట్ట ఉంది. అడుగున గుప్పెడు పళ్లు. ఎర్రటివాటితో పాటు పచ్చికాయలు, విరిగిన కొమ్మలు కూడా ఉన్నాయి.