గుంతలో దిగొద్దు

2009 వానాకాలంలో రావిర్యాల పక్కన, రాళ్లు తవ్వి వదిలేసిన గుంతలో ఒకే రోజు ఇద్దరు అక్కచెల్లెళ్లు పోయారు. చెల్లెలు కాలుజారి పడింది. ఆమెను పట్టుకోవాలని అక్క దూకింది. ఇద్దరూ ప్రేమలత ఆటలు నేర్పే బడి పిల్లలే. కబురు విని ఆమె పరుగున వెళ్లేసరికి నీళ్లు కదలకుండా ఉన్నాయి. ఆమెకు ఈత రాదు. మెడలో ఈల వేలాడుతుండగా గట్టు మీద అటూ ఇటూ తిరగడం తప్ప ఏమీ చేయలేకపోయింది.

ఆ తరువాత ఆమెకు కుదురు పోయింది. అన్నం ముందు కూర్చున్నదల్లా లేచేది. మబ్బు పడితే చాలు, ఎవరి పిల్లలు ఎటు పోయారోనని వాకిట్లోకి వచ్చి నిలబడేది. చివరికి శంషాబాద్‌లో జయశీలన్ ఇంటి తలుపు తట్టింది. ఆయన ఫైర్ సర్వీసులో రిటైరైన మనిషి.

"నాకు ఈత నేర్పండి సార్."

"ఈత తర్వాత అమ్మా. ఈతొచ్చినోళ్లను గూడ మునిగేటోళ్లు మెడ వట్టి ముంచుతరు. దిగకుండ తీసుడు ముందుగాల నేర్చుకో."

రెండు నెలలపాటు ఆదివారం చర్చి నుంచి రాగానే ఆయన తన పెరట్లో నేర్పాడు. గట్టున బోర్లా పడుకుని ముడేసిన చున్నీలు అందించడం, తాడుకు ఖాళీ క్యాన్ కట్టి విసరడం, ఊపిరాడని మనిషికి నోట్లో గాలి ఊది రొమ్ము నొక్కడం.

అవే ఆమె తొమ్మిది, పది తరగతుల పిల్లలకు శనివారం చివరి పీరియడ్‌లో చెప్పసాగింది. మైదానంలో ముగ్గుతో గుంత గీసి, గీత దాటినవాళ్లను మళ్లీ మొదటికి పంపేది. పిల్లలు నవ్వేవాళ్లు. ఆమె నవ్వేది కాదు.

ఒకరోజు తొమ్మిదో తరగతి సునీత తండ్రి పెంటయ్య బడికి వచ్చాడు.

"ఏంది మేడం గిది? ఆడపిల్లలను మట్టిల పండవెట్టి సావు ముచ్చట్లు చెప్తున్నవు? నా బిడ్డ దీంట్ల ఉండదు."

సునీతను మాన్పించాడు. శనివారాలు ఆ పిల్ల వరండా స్తంభానికి ఆనుకుని చూస్తూ నిలబడేది.

2012 ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోను మోగింది. "మేడం, గుంత కాడ పిల్లలు..." అంతే, మాట తెగిపోయింది. ప్రేమలత స్కూటీ ఎక్కింది. దారిపొడవునా తాను నేర్పిన పాఠమే ఆమెను పొడిచింది. ధైర్యం నూరిపోశానా? అందుకే దూకారా?

గుంత దగ్గర జనం. పక్కకు నెట్టుకుంటూ వెళ్లింది. బట్టలు ఉతకడానికి వచ్చి నీళ్లలో జారిపడిన ముత్తమ్మ తడిసి ముద్దై, దగ్గుతూ కూర్చుని ఉంది. పదో తరగతి జెరూషా అరచేతులు గీరుకుపోయి నెత్తురు కారుతున్నాయి. పక్కనే సునీత, ముడేసిన మూడు చున్నీలు చేతిలో పట్టుకుని.

ప్రేమలత ఇద్దరి భుజాలూ తడిమింది. "ఎవరన్నా దిగిండ్రా? నిజం చెప్పుండ్రి."

జెరూషా ఏడ్చింది. "నేను దూకబోయిన మేడం. అంత మర్చిపోయిన. సునీతనే నా నడుం వట్టి కింద పడేసింది. చున్నీ ఇయ్యి, దిగకు అని ఒర్లింది. గా చున్నీలు అందిచ్చే ఇద్దరం ముత్తమ్మను గుంజినం."

పెంటయ్య కూడా అప్పటికే వచ్చి ఉన్నాడు. కూతురిని పైనుంచి కిందికి చూశాడు. "నీకెవరు చెప్పిండ్రు బిడ్డా?" అన్నాడు. సునీత తల వంచుకుని, "వరండల నిలవడి చూసిన బాపు," అంది. ఆయన తువ్వాలు తీసి జెరూషా చేతులకు చుట్టాడు.

ముత్తమ్మను ఆటోలో దవాఖానకు పంపాక ప్రేమలత గట్టున కూర్చుండిపోయింది. సంతోషం రాలేదు. ఏడాదికి పైగా నేర్పిన పిల్లే దూకబోయింది. తాను పాఠాన్ని తప్పు చోట మొదలుపెట్టింది.

శనివారం పిల్లలను జంటలుగా నిలబెట్టింది. సునీతను ముందుకు పిలిచింది.

"తాడు ఇయ్యాల లేదు. మీల ఒకరు ఉరుకుతరు, ఇంకొకరు ఆపాలె. ఎట్ల ఆపిందో ఈ పిల్ల చూపిస్తది."

ఈల ఊదింది. జెరూషా ముగ్గు గీత వైపు ఉరికింది.