బాతుల సాలు

చలి ముదరగానే రాయదుర్గం మెట్రో మెట్ల దగ్గర ఒకామె పచ్చి శనగ మొక్కలు కట్టలు కట్టి అమ్ముతుంది. కొన్నా కొనకపోయినా ఒక కట్ట చేతిలోకి తీసుకుంటాను. ఆ ఆకుల పులుపు వేళ్లకు అంటుకోగానే నానక్‌రామ్‌గూడలో చెరువు శిఖంలో మా చేను, నీళ్లు తగ్గేకొద్దీ అడుగున బయటపడే నల్లమట్టి, చీర ఎగగట్టి దాంట్లోకి దిగే బాపమ్మ, అన్నీ గుర్తొస్తాయి.

బాపమ్మ మా నాయిన తల్లి. ఆమెకు గోడ మీది క్యాలెండర్‌తో పనిలేదు. బతుకమ్మ వెళ్లి, దీపావళి ప్రమిదలు ఇంకా గూట్లో ఉండగానే అడవి బాతులు వంకర వరుస కట్టి అరుచుకుంటూ వచ్చేవి. తెల్లని తల వెనక రెండు నల్ల చారలతో, చెరువు మీద రెండు చుట్లు తిరిగి, కాళ్లు ముందుకు చాచి దిగేవి. అవి దిగిన మర్నాడే మేం శనగలు విత్తేవాళ్లం. నీళ్ల అంచున మొదటి సాలు బాతులది. మొలకలు రాగానే దర్జాగా వచ్చి మేసేవి, అదిలించబోతే నాకే తిట్లు పడేవి.

"గంత దూరం నుంచి ఒచ్చినయి, చుట్టాలకు పెట్టమా?" అనేది బాపమ్మ.

నాకు తొమ్మిదేళ్లప్పుడు రోడ్డవతల కొత్త భవనాల కోసం బండలు పేల్చడం మొదలైంది. ఆ ఏడు బాతులు ఒక పొద్దున వచ్చాయి కానీ, ఢామ్మని చప్పుడు కాగానే దిగకుండానే మళ్లిపోయాయి. బాపమ్మ రోజూ గట్టు మీద కూర్చుని ఆకాశం చూసేది. విత్తనాల బుట్ట అలాగే ఉంది. మట్టిలో తడి ఆరిపోతోంది, ఆరితే ఆ ఏడాది పంట లేనట్టే.

"పదును పోతున్నదే అమ్మా, ఇంకెప్పుడు ఇత్తుతవ్?" అని నాయిన అరిచాడు.

"జర ఆగు బిడ్డా, దిగనియ్యి."

నాయిన అన్నం ముట్టకుండా లేచిపోయాడు. నాకు భయమేసింది. మర్నాడు బర్రెను చెరువుకు తోలుకెళ్లి వచ్చి, వాకిట్లోంచే కేకేశాను.

"బాపమ్మా, దిగినయే! అవతలి ఒడ్డుకున్నయి!"

ఒట్టి అబద్ధం. ఆమె నిజమా అని కూడా అడగలేదు, నవ్వుతూ బుట్ట నెత్తికెత్తుకుంది. చెరువు ఖాళీగా ఉంటే, "మేతకు పోయినట్టున్నయ్" అని తనే సర్దిచెప్పుకుంది. ముందు బాతుల సాలే విత్తాం.

శనగ బాగా మొలిచింది. బాతుల సాలు మాత్రం ఒక్క ఆకు తెగకుండా ఏపుగా పెరిగింది. నేను అటు చూడడం మానేశాను. బాపమ్మ అడిగితే ఏడ్చేసి చెప్పేద్దామనుకున్నాను, ఆమె అడగలేదు. కాయలు ముదిరాక ఒక ఉదయం ఆ సాలంతా తానే పీకి, మంట మీద కాల్చి, ఒలిచి నా దోసిట్లో పోసింది.

"తిను బిడ్డా. ఈయేడు దిగింది నువ్వే గద."

ఏడుస్తూనే తిన్నాను. అదే మా చివరి పంట. మరుసటి ఏడు శిఖమంతా మట్టిపోసి చదును చేశారు.

నేను పనిచేసే ఆఫీసు ఆ చుట్టుపక్కలే, చెరువు ఎక్కడుండేదో ఇప్పుడు ఆనవాలు పట్టలేను. కార్తీకంలో ఎప్పుడైనా ఆకాశంలో చాలా ఎత్తున ఒక వరుస పోతుంది, అరుపులు అద్దాలు దాటి లోపలికి రావు. ఇంట్లో శనగలు కాల్చినప్పుడల్లా మొదటి గుప్పెడు పక్కన పెడతాను. ఎవరికమ్మా అని మా అమ్మాయి అడుగుతుంది. చుట్టాలకు అంటాను. వచ్చారా మరి, అంటుంది. రాలేదని ఇప్పుడు నిజమే చెబుతాను.