మూడో తాళంచెవి

నా చిన్నప్పుడు తాడేపల్లిగూడెంలో మా మామ్మకు మూడు వాటాల పెంకుటిల్లు ఉండేది. ఒక వాటాలో మామ్మా నేనూ ఉండేవాళ్ళం, మిగతా రెండూ అద్దెకిచ్చేది. మామ్మంటే మా నాన్నగారి అమ్మ. అమ్మా నాన్నా ఉంగుటూరు దగ్గర వ్యవసాయం చూసుకుంటూ, చదువు కోసం నన్ను ఆవిడ దగ్గర ఉంచారు. తొమ్మిదేళ్ళ నాకు ఆ ఇంటి మీద మామ్మకు కూడా లేనంత అధికారం ఉండేది. ఇల్లు మాది, కాబట్టి మూడు వాటాలూ మావే, వాటిలో ఉండే మనుషులు కూడా కాస్తో కూస్తో మావాళ్ళే అని నా లెక్క.

నడిమి వాటాలో ఒక టీచరు గారు ఒక్కరే ఉండేవారు. సొంతూరు కొల్లేటికోట. మా ఊళ్ళో మిషను బడిలో పాఠాలు చెప్పేవారు. ఆవిడ దగ్గరొక హార్మోనియం ఉండేది. ఆదివారం ఆవిడ చర్చికి వెళ్ళగానే, మా గోడకు మేకు మీద వేలాడే రెండో తాళంచెవి తీసుకుని నేను ఆ వాటాలోకి దూరేదాన్ని. మొదట్లో హార్మోనియం మెట్లు నొక్కడానికే వెళ్ళాను. తరవాత తరవాత డబ్బాల మూతలు తీసి చూడడం కూడా అలవాటైంది. బెల్లం ముక్కయినా ముట్టలేదు. అందుకేనేమో, తప్పు చేస్తున్నానన్న ఊహే రాలేదు.

ఆ ఏడు వానలకు కొల్లేరు పొంగి కొల్లేటికోట చుట్టూ నీళ్ళు నిలిచాయి. టీచరు గారు సెలవు పెట్టి, ఒక మూట పట్టుకుని వాళ్ళ అమ్మగారిని చూడడానికి వెళ్ళారు. ఖాళీ చేతులతో తిరిగి వచ్చారు. ఆ మూటలో ఏముందని మేమెవరం అడగలేదు.

తరవాతి ఆదివారం సాయంత్రం అందరం పంపు దగ్గర ఉన్నాం. మూడో వాటా పిన్నిగారు కూడా ఉంది. మామ్మ మామూలుగా అడిగినట్టే, "భోజనం అయిందాండీ టీచరు గారూ?" అంది. "అయిందండీ మామ్మగారూ" అన్నారావిడ. పక్కనే ఉన్న నేను ఊరుకుంటేనా! "ఎలా అవుతుందండీ? మీ బియ్యం డబ్బాలో గింజ లేదుగా!" అన్నాను గొంతెత్తి.

ఎటు చూసినా వరి చేలూ బియ్యం మిల్లులూ ఉన్న ఊళ్ళో, పదిమంది ముందు, ఒక పంతులమ్మ గారి గురించి అన్న మాట అది. పిన్నిగారు ఫక్కున నవ్వింది. టీచరు గారు నా వంక ఒక్కసారి చూసి, సగమే నిండిన బిందె ఎత్తుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే వచ్చి, నెలాఖరుకి వాటా ఖాళీ చేస్తానని మామ్మతో చెప్పారు. ఒంటరి ఆడమనిషికి ఆ రోజుల్లో ఇల్లు దొరకడం మాటలు కాదు. దొరికిన ఇల్లు వదిలి వెళ్తానంటున్నారంటే, వీధిన పడ్డా పరవాలేదు గాని ఈ గోడల మధ్య ఉండలేననే కదా. మామ్మ ముఖం నల్లబడింది. అయినా నన్ను ఒక్క మాట అనలేదు. మేకు మీది తాళంచెవి మాత్రం తీసి కొంగున కట్టుకుంది. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను. మా మామ్మ సంగతి నాకింకా తెలియదు.

మరో రెండు రోజులకు బడి నుంచి వచ్చేసరికి మా తలుపు తీసి ఉంది. లోపల మామ్మ లేదు. టీచరు గారు నేల మీద కూర్చుని నా రేకుపెట్టె తెరిచి, బట్టలు ఒక్కొక్కటే ఎత్తి చూస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మా ఇంట్లోకి చెప్పకుండా ఎలా వచ్చారు? అది నా పెట్టె!" అని అరిచాను. ఆవిడ అరచెయ్యి చాపి చూపించారు. "తాళంచెవి ఉంది కదమ్మా."

అప్పుడు చూశాను, రెండో చేతిలో నా లెక్కల పేపరు. వందకి పదకొండు మార్కులు. కింద మామ్మ సంతకం, నేను పెట్టినదే. సరిగ్గా అదే సమయానికి మామ్మా పిన్నిగారూ గుమ్మంలోకి వచ్చారు. "పెట్టెలో ఏమున్నాయేంటండీ?" అంది పిన్నిగారు సరదాగా. టీచరు గారు ఒక్క మాట అంటే చాలు, నేను పంపు దగ్గర చేసినదానికి చెల్లుకు చెల్లు. టీచరు గారు పేపరు మడిచి గౌన్ల అడుగున పెట్టి మూత వేశారు. "గౌన్లేనండీ. చక్కగా మడతపెట్టుకుందండీ పిల్ల" అన్నారు.

నేను బావురుమన్నాను. మా తాళంచెవి ఇచ్చి ఆవిడను పంపింది మామ్మేనని, టీచరు గారు ఎంత వద్దన్నా బతిమాలి ఒప్పించిందని అప్పుడు తెలిసింది. మామ్మ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది. "వాటా అంటే ఏంటనుకున్నావే? అద్దె పుచ్చుకున్నాక గుమ్మం అవతలంతా ఆవిడ వాటా. గోడలు మనవైతే కావచ్చు, లోపలి గుట్టు మనది కాదు" అంది. కొంగుముడి విప్పి రెండో తాళంచెవి నా చేతిలో పెట్టి, ఇచ్చి రమ్మంది.

నేను మొదటిసారి ఆ తలుపు తట్టాను. "ఎవరండీ?" అని వినిపించింది లోపల్నుంచి. అప్పటిదాకా నన్నెవరూ అండీ అనలేదు. ఆ ఒక్క మాటకు నాకు ఎంత సిగ్గేసిందో, అంత గర్వంగానూ అనిపించింది. తాళంచెవి ఇచ్చి, వెళ్ళిపోవద్దండీ అని ఏడ్చాను. పదకొండు మార్కుల సంగతి ఆ సాయంత్రం నేనే మామ్మకు చెప్పేశాను.

మామ్మ టీచరు గారికి బియ్యం పంపలేదు. పంపితే ఆవిడ ఆ పూటే వెళ్ళిపోయేవారు. నాకు లెక్కలు నేర్పమని అడిగింది, నేర్పుతున్నందుకు నెలకో కుంచెడు బియ్యం ఇస్తానంది. టీచరు గారు "పదకొండు అంటే గట్టిగానే చెప్పాలండీ" అని నవ్వారు. మరి ఖాళీ చేయలేదు. నేను కాలేజీలో చేరేదాకా ఆ వాటాలోనే ఉన్నారు.

ఇప్పుడు ఏలూరులో నాకు నాలుగు వాటాలున్నాయి. చేపల చెరువుల కంపెనీలో పనిచేసే కుర్రాళ్ళు, ఒక నర్సమ్మ కుటుంబం, ఇలా వస్తుంటారు, పోతుంటారు. ఎవరికిచ్చినా రెండు తాళంచెవులూ ఇచ్చేస్తాను. పైపు పగిలితే ఏం చేస్తావని మా అబ్బాయి సణుగుతాడు. ఫోన్ చేసి, వాళ్ళొచ్చేదాకా గుమ్మం బయట నిలబడతానంటాను. ఇన్నేళ్ళలో నా ఇల్లు పాడైందీ లేదు, ఒక్క వాటా నెల పైన ఖాళీగా ఉన్నదీ లేదు.

టీచరు గారు బదిలీ అయి వెళ్ళేరోజు నా చేతిలో మూడు తాళంచెవులు పెట్టారు. రెండు ఆవిడ వాటావి. మూడోది మా ఇంటిది. "మీ మామ్మగారు వెనక్కి పుచ్చుకోలేదమ్మా, మీ దగ్గరే ఉండనీయండన్నారు. ఒక్కసారే వాడాను, అదీ ఆవిడ వాడమంటేనే" అన్నారు. అన్నేళ్ళూ మా ఇంటి తాళంచెవి ఆవిడ దగ్గరుందని నాకు తెలియనే తెలియదు.

ఆ పెంకుటిల్లు ఇప్పుడు లేదు. కొత్తవాళ్ళకు వాళ్ళ తాళంచెవులు ఇచ్చేశాక నా గుత్తిలో మిగిలేవి రెండే. ఒకటి మా గుమ్మానిది. రెండోది ఏ తలుపుకూ పట్టని ఆ మూడోది.