సారు మాటే వినే మిషను

సారు పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను మనూర్ బస్సులో ఉన్నాను. దారిలోనే దిగిపోయి, ఎదురొచ్చిన ఆటో ఎక్కి నారాయణఖేడ్ వచ్చాను. దవాఖానకు పోవాల్సినదాన్ని, షాపుకు పోయి షట్టర్ ఎత్తి నిలబడ్డాను. అప్పటినుంచి ఒక్కచోట కుదురుగా ఉండలేకపోతున్నాను.

ఈ కుదురులేనితనం ఆయన దగ్గర అంటుకున్నదే. కార్డులు, పాంప్లెట్లు కొట్టే ఆయన చిన్న షాపులో నేను పనిచేస్తాను; అక్కడ సారు కూర్చున్నది తక్కువ. కీళ్ళవాతంతో వేళ్ళు ముడుచుకుపోయాక అందరూ షాపు అమ్మెయ్యమన్నారు. "అమ్మి, ఇంట్ల కూసోని ఏం జెయ్యాలె? నోరు మంచిగనే ఉంది గద" అని, మాట చెబితే పనిచేసే సాఫ్ట్‌వేర్ సీడీ ఒకటి హైదరాబాద్ నుంచి తెప్పించాడు. షాపులో మేం మిషను అనే కంప్యూటర్‌కు దాంతో మన మాటలే నేర్పాడు. కొత్తది, పెద్దగ జెయ్, తీసెయ్. ఒక్కో మాట పదే పదే అని తన గొంతు గుర్తుపట్టించాడు; ఇంకెవరు చెప్పినా అది కదిలేది కాదు. ఇక మైకు వైరు ఎంత పొడుగుంటే అంత దూరం అటూ ఇటూ తిరుగుతూ పని చెప్పేవాడు.

ఒకరోజు కల్హేర్ నుంచి వచ్చిన రైతు, బిడ్డ పెళ్ళికార్డులో ఒక లైను వద్దన్నాడు. సారు "తీసెయ్" అన్నాడు. ఆ క్షణాన తెర మీద ముందున్నది కార్డు కాదు, ఫైళ్ళుండే ఫోల్డర్. కార్డు మొత్తం పోయింది.

"ఏంది సారూ, ఇగ పెండ్లి జేసుడా, వద్దా?" అన్నాడు రైతు.

నాకు తల కొట్టేసినట్టయింది. సారు మాత్రం కార్డు మొదటినుంచి నాతో కొట్టించి, రైతును పంపాక అన్నాడు, "మిషన్ది తప్పు గాదు. ముందర ఎవరున్నరో చూడకుంట మాట్లాడితే మనిషైనా ఆగమైతడు." కర్ణాటక అంచున ఉన్న నాగల్‌గిద్ద వాళ్ళొస్తే కన్నడంలో పలకరించే మనిషి మరి.

తెర మీద ఏ ప్రోగ్రాం ముందుంటే దానికి సంబంధించిన మాటలే వినేలా, మిగతావి చెవిన పెట్టకుండా ఉండేలా సాఫ్ట్‌వేర్‌ను దారికి తేవడానికి నెలలు పట్టింది. ఆయన తిరుగుతూ చెప్పేవాడు, నేను కొట్టేదాన్ని. కరెంటు పోతే మళ్ళీ మొదలు. విసుగొచ్చి లేస్తే "గంత జల్దీ ఏమొచ్చింది, కూసో" అనేవాడు, తను మాత్రం కూర్చోకుండా. నన్ను అంత ఓపికగా కూర్చోబెట్టిన మనిషి మా ఇంట్లో కూడా లేడు. ఆయనంటే నాకు ప్రాణం.

చివరికి ఫైళ్ళు ముందుంటే "తీసెయ్" అన్నా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. కార్డు ముందుంటే ఆ ఒక్క లైనే పోయేది. ఆ తర్వాత షాపు అమ్మమని ఎవరూ అనలేదు.

నిన్న, చర్చి వాళ్ళు ఆయన జ్ఞాపకంగా పెట్టే ఆదరణ కూడిక కార్డు అదే మిషను మీద కొట్టాను. మేం అక్కా అని పిలిచే సారు భార్య పక్కన కూర్చుంది. ఫోటో కింద "ప్రభువునందు నిద్రించిన" అని వేసి, దాని కింద ఆయన పేరు కొట్టాను. అక్క చాలాసేపు చూసింది. తర్వాత తెర వైపు వంగి, నాతో అందో, మిషనుతో అందో, "గా పైలైను తీసెయ్" అంది.

మైకు ఆన్‌లోనే ఉంది. తెర మూలన పచ్చగీత ఆమె గొంతుకు లేచి, పడింది. ముందరున్నది కార్డే. లైను అక్కడే ఉంది.